ఫ్లక్స్ తగ్గిందంటే కణాలు పోయినట్టేనా?

అమ్మాయీ,

భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న కణాల పట్టీలు, అంటే రేడియేషన్ బెల్టుల మీద పని మొదలుపెడుతున్నావని తెలిసి సంతోషించాను. ఎక్కడ మొదలుపెట్టమంటారని అడిగావు. ఉపగ్రహాల డేటా జోలికి ఇప్పుడే వెళ్లకు. ముందు ఒకే ఒక్క ఎలక్ట్రాన్‌ని తీసుకో.

భూమి కేంద్రం నుంచి నాలుగు భూవ్యాసార్ధాల దూరంలో, భూమధ్యరేఖ తలంలో దాన్ని ఉంచు. శక్తి 1 ఎంఈవీ (పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు) అనుకో. అక్కడి అయస్కాంత క్షేత్రం దాదాపు 480 నానోటెస్లా. ఆ ఎలక్ట్రాన్ క్షేత్రరేఖ చుట్టూ సెకనుకు సుమారు నాలుగున్నర వేల చుట్లు తిరుగుతుంది. కాస్త వాలుగా వదిలితే ఉత్తర దక్షిణాల మధ్య ఒకసారి వెళ్లి రావడానికి అర సెకను కూడా పట్టదు. భూమిని చుట్టి రావడానికి మాత్రం పావుగంట పైనే పడుతుంది. ఈ మూడు కాలాల మధ్య ఇంత అంతరం ఉంది కాబట్టే మన లెక్కలు సాధ్యమవుతున్నాయి. దీన్ని బట్టీ పట్టకు, కాగితం మీద నువ్వే లెక్కగట్టు.

ఈ భూప్రదక్షిణ, అంటే డ్రిఫ్ట్, ఎందుకొస్తుందో కూడా బొమ్మ గీసి చూడు. భూమి వైపు క్షేత్రం బలంగా ఉంటుంది, అక్కడ వంపు బిగుతు. అవతలి వైపు బలహీనం, వంపు పెద్దది. అందుకే చుట్టు మూసుకోకుండా ప్రతిసారీ కాస్త పక్కకు జరుగుతుంది. క్షేత్రరేఖల వంపు కూడా అదే దిక్కుకు తోస్తుంది. ఎలక్ట్రాన్లు తూర్పుకు, ప్రోటాన్లు పడమరకు పోతాయి. భూమి చుట్టూ ఉంగరంలా పారే రింగ్ కరెంట్ పుట్టేది ప్రధానంగా ఈ ఎదురెదురు నడకల వల్లే. శక్తి బాగా తక్కువున్న కణాల సంగతి వేరు, వాటిని ఎక్కువగా నడిపేది విద్యుత్ క్షేత్రం. అది రెండు రకాల కణాలనూ ఒకే దిక్కుకు తీసుకెళ్తుంది.

కోడ్ రాసేటప్పుడు కణం దారిని అడుగడుగునా లెక్కగట్టే బోరిస్ పద్ధతి వాడు. అయస్కాంత క్షేత్రం ఒక్కటే ఉన్నప్పుడు అది కణం వేగాన్ని చెడగొట్టదు. రుంగె-కుట్టా అనే మామూలు పద్ధతి అలా కాదు, లక్షల చుట్ల తర్వాత శక్తి నెమ్మదిగా జారిపోతుంది, నువ్వేమో దాన్ని భౌతికశాస్త్రం అనుకుంటావు! పైగా చుట్టుకు 25 అడుగులు వేసినా, ఒక్క ప్రదక్షిణకే 11 కోట్లకు పైగా అడుగులవుతాయి. కాబట్టి కోడ్‌ని కాసేపు సరిచూసుకుని, ఆపైన చుట్లను వదిలేసి చుట్టు కేంద్రం నడకనే లెక్కించే గైడింగ్ సెంటర్ సమీకరణాలకు మారిపో.

ఇక అసలు విషయం. అయస్కాంత తుఫాను, అంటే సూర్యుడి ప్రభావంతో భూమి క్షేత్రం అల్లకల్లోలమవడం, మొదలవగానే ఉపగ్రహం కొలిచే ఎలక్ట్రాన్ల ఫ్లక్స్ (సెకనుకు ఇంత వైశాల్యం గుండా ఎన్ని వస్తున్నాయన్న లెక్క) ఒక్కసారిగా పడిపోవడం చూస్తావు. వెంటనే ‘కణాలు పోయాయి’ అని రాసేయకు. రింగ్ కరెంట్ పెరిగితే దాని లోపలి వైపు క్షేత్రం తగ్గుతుంది. ఈ మార్పు డ్రిఫ్ట్ కాలం కన్నా నెమ్మదిగా జరిగితే, తమ కక్ష్య లోపలి అయస్కాంత ఫ్లక్స్ మారకుండా ఎలక్ట్రాన్లు బయటికి జరుగుతాయి, శక్తి కోల్పోతాయి. తుఫాను తగ్గాక తిరిగి వస్తాయి. నిజంగా పోయినవి, అంటే వాతావరణంలో పడ్డవో భూ అయస్కాంత క్షేత్రపు బయటి సరిహద్దైన మాగ్నెటోపాజ్ దాటినవో, తిరిగి రావు. ఒకే చోట, ఒకే శక్తి దగ్గర గీసిన గ్రాఫ్ ఈ రెండింటినీ విడదీయలేదు.

అందుకే ఫ్లక్స్‌ని ఫేజ్ స్పేస్ సాంద్రతగా (స్థానం, ద్రవ్యవేగం రెండింటి లెక్కలో కణాల సాంద్రత) మార్చి, మూడు అడియాబాటిక్ స్థిరాంకాల (క్షేత్రం నెమ్మదిగా మారితే మారకుండా నిలిచే, పైన చెప్పిన మూడు కదలికల తాలూకు రాశులు) మీద పంచి చూడు. విసుగు పుట్టించే పనే, కానీ తప్పదు. బయటి నుంచి కణాలు లోపలికి వ్యాపిస్తుంటే సాంద్రత బయటికి పోయేకొద్దీ పెరుగుతూ ఉంటుంది. నడిమధ్యలో శిఖరం లేచి, అది రోజు గడిచేకొద్దీ ఎత్తు పెరుగుతుంటే, కోరస్ అనే విద్యుదయస్కాంత తరంగాల వంటివి అక్కడికక్కడే వేగం పెంచుతున్నాయని అనుమానించాలి. 2012లో పంపిన వాన్ అలెన్ ప్రోబ్స్ అనే జంట ఉపగ్రహాల డేటాలో ఇలాంటి శిఖరాలు దొరికాయి.

అయితే శిఖరాన్ని చూసి పొంగిపోకు. స్థిరాంకాలు లెక్కగట్టాలంటే మొత్తం క్షేత్రానికి ఒక నమూనా కావాలి, నమూనా తప్పైతే లేని శిఖరం కూడా లేస్తుంది. భూస్థిర కక్ష్య దగ్గర సౌరగాలి పగటి వైపు క్షేత్రాన్ని నొక్కేస్తుంది, అక్కడ ద్విధ్రువం (కడ్డీ అయస్కాంతం లాంటి సాదా క్షేత్రం) పనికిరాదు. త్సిగానెంకో రూపొందించిన భూ అయస్కాంత క్షేత్ర నమూనాల్లో వేర్వేరు రెండు తీసుకుని ఒకే తుఫానుని లెక్కగట్టు. రెండింటిలోనూ శిఖరం నిలబడితే ఆ గ్రాఫులు నాకు పంపు, కూర్చుని మాట్లాడుకుందాం.