టెక్ సందేహాలు: బేస్ పాటల మిక్సింగ్‌కు ఏ హెడ్‌ఫోన్ కొనాలి?

ప్రశ్న: మాది గాజువాక. మేడ మీద 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున్న గదిలో చిన్న స్టూడియో పెట్టుకున్నాను. తప్పెటగుళ్ల దరువుకు 808 బేస్ (పాత డ్రమ్ మెషీన్ పేరుతో పిలిచే లోతైన ఎలక్ట్రానిక్ బేస్) జోడించి జానపద పాటలు చేస్తుంటాను. గాయకుల గొంతు కూడా అక్కడే రికార్డు చేస్తాను. ఇప్పుడు వాడుతున్నది ‘ఎక్స్‌ట్రా బేస్’ రకం హెడ్‌ఫోన్. అందులో నిండుగా వినిపించిన పాట కారులో వేస్తే పలచగా ఉంటోంది. అదే పాట జాతరలో డీజే బాక్సుల మీద మోగిస్తే కింద అంతా ఒకటే హోరు, దరువు విడిగా తెలియడం లేదు. 20,000 రూపాయల లోపు మంచి హెడ్‌ఫోన్ చెప్పండి. లేక స్పీకర్లే కొనడం మేలా?

జవాబు: కారులో బేస్ తక్కువ, డీజే బాక్సుల్లో ఎక్కువ అంటున్నారు. ఈ రెండూ పొంతన లేనివిగా కనిపిస్తాయి కానీ, రెండింటికీ కారణం మీ హెడ్‌ఫోనే. ఎక్స్‌ట్రా బేస్ పేరుతో అమ్మే చాలా హెడ్‌ఫోన్లు 80 నుంచి 200 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు, అంకె తగ్గేకొద్దీ ధ్వని లోతుగా ఉంటుంది) వరకు ఉన్న భాగాన్ని బాగా పెంచి వినిపిస్తాయి. మీ చెవికి అక్కడ నిండుదనం కనిపించింది కాబట్టి మిక్స్‌లో ఆ భాగాన్ని తగ్గించేసి ఉంటారు. బేస్‌లో కారు స్పీకర్లు ప్రధానంగా పలికించేది ఆ భాగాన్నే. అందుకే పాట పలచబడింది. ఇక 40 హెర్ట్జ్ కిందికి వెళ్లేసరికి అలాంటి హెడ్‌ఫోన్లలో కొన్ని నీరసిస్తాయి, మీదీ అలాంటిదే అయి ఉంటుంది. వినిపించని దాన్ని వినిపించేలా చేయాలని 808 స్థాయిని పెంచి ఉంటారు. ఆ అదనమంతా పెద్ద సబ్‌వూఫర్లున్న డీజే బాక్సుల్లో బయటపడి, తప్పెట దెబ్బను మింగేసింది.

కాబట్టి మీకు కావలసింది బేస్ ఎక్కువ వినిపించే హెడ్‌ఫోన్ కాదు, బేస్‌లో ఏ స్వరం ఎంత ఉందో ఉన్నది ఉన్నట్టు చెప్పే హెడ్‌ఫోన్. 808లో సి స్వరం అడుగున వాయిస్తే 32.7 హెర్ట్జ్. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా కింది తీగ 41.2 హెర్ట్జ్. ఆ పైన ఎ స్వరం 55 హెర్ట్జ్. ఈ మూడూ హెడ్‌ఫోన్‌లో దాదాపు ఒకే బలంతో వినిపించాలి. పెట్టె మీద రాసే ‘5 నుంచి 35,000 హెర్ట్జ్’ లాంటి అంకెలను చూసి మోసపోవద్దు. ఆ చివర ధ్వని ఎన్ని డెసిబెల్స్ పడిపోయిందో చెప్పకపోతే ఆ అంకెకు విలువ లేదు. కొనేముందు ఆ మోడల్‌కు స్వతంత్రంగా కొలిచిన ఫ్రీక్వెన్సీ గ్రాఫ్ చూడండి. 30 నుంచి 200 హెర్ట్జ్ మధ్య గీత గుట్టలా లేస్తోందా, సాఫీగా సాగుతోందా అన్నదే అసలు విషయం. గీత మొత్తం మీద కాస్త ఎత్తుగా ఉంటే భయపడనక్కరలేదు. గదిలో మంచి స్పీకర్లు వింటున్న అనుభూతికి దగ్గరగా ఉండాలంటే హెడ్‌ఫోన్‌లో 100 హెర్ట్జ్ కింద కొన్ని డెసిబెల్స్ పెంపు ఉండాలని, ఎక్కువమంది శ్రోతలు దాన్నే ఇష్టపడతారని హర్మన్ అనే ఆడియో సంస్థలో షాన్ ఆలివ్ బృందం చేసిన పరిశోధనల్లో తేలింది. సమానంగా లేచిన గీతకు చెవి అలవాటు పడుతుంది. ఎగుడుదిగుడు గీతకు అలవాటు పడటం చాలా కష్టం.

స్పీకర్ల సంగతి. మీ గది కొలతలు చూస్తే ఇప్పుడే వద్దంటాను. 40 హెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 28 అడుగులు, మీ గది అందులో సగం కూడా లేదు. 12 అడుగుల గోడల మధ్య సుమారు 47 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల గోడల మధ్య సుమారు 57 హెర్ట్జ్ దగ్గర ధ్వని నిలిచిపోయి బలపడుతుంది, దీన్ని అనునాదం అంటారు. మన ఇళ్లలో పైకప్పు కూడా చాలావరకు 10 అడుగుల ఎత్తులోనే ఉంటుంది. మీదీ అంతే అయితే ఆ 57 హెర్ట్జ్ దగ్గర రెండు అనునాదాలు ఒకదానిపై ఒకటి పడతాయి. ఫలితంగా గోడ దగ్గర కూర్చుంటే ఆ స్వరాలు దద్దరిల్లుతాయి, గది మధ్యలో కూర్చుంటే దాదాపు మాయమవుతాయి. పలచటి ఫోమ్ పలకలు అంటిస్తే పై ధ్వనులు తగ్గుతాయే గాని బేస్ కదలదు. దానికి మూలల్లో మందపాటి రాక్‌వూల్ (రాతి ఉన్ని) బేస్ ట్రాప్‌లు, అంటే బేస్‌ను పీల్చుకునే దిమ్మెలు, కావాలి. ఆ ఖర్చు పెట్టేవరకు బేస్ నిర్ణయాలు హెడ్‌ఫోన్‌లోనే తీసుకోవడం మంచిది. హెడ్‌ఫోన్‌కు గదితో పని లేదు.

ఇక ఏ రకం అన్న ప్రశ్న. మిక్సింగ్‌కు ఓపెన్ బ్యాక్ కొనమని అంతటా చదువుతారు. కప్పు వెనుక జాలీ ఉండి గాలి ఆడుతుంది, ధ్వని విశాలంగా ఉంటుంది, చెవి త్వరగా అలసిపోదు. ఇదంతా నిజమే. కానీ విశాఖ ఉక్కపోతలో ఫ్యాన్ ఆపి ఎవరు కూర్చోగలరు? ఓపెన్ బ్యాక్‌లో సీలింగ్ ఫ్యాన్ హోరు, వీధిలో లారీ చప్పుడు తిన్నగా చెవిలోకి వస్తాయి. ఈ రెండూ కింది ధ్వనులే కావడంతో సరిగ్గా మీరు వినాలనుకుంటున్న చోటనే అడ్డుపడతాయి. పైగా గాయకుడి చెవికి ఓపెన్ బ్యాక్ పెడితే అందులో పాట బయటికి వచ్చి మైకులో పడుతుంది. ఇంకో సంగతి, మిక్సింగ్‌లో ఎంతో గౌరవం ఉన్న సెన్‌హైజర్ హెచ్‌డి 600 లాంటి పాత ఓపెన్ బ్యాక్‌లు గొంతును అద్భుతంగా వినిపిస్తాయి గానీ, 50 హెర్ట్జ్ కింద బాగా తగ్గిపోతాయి. మీ పాటలకు అది పెద్ద లోపం.

అందుకే మీకు క్లోజ్డ్ బ్యాక్ (కప్పు వెనుక మూసి ఉండే రకం) సూచిస్తున్నాను. బేయర్‌డైనమిక్ డిటి 770 ప్రో, 80 ఓంల (ఓం అంటే విద్యుత్ నిరోధానికి కొలత) రకం నా మొదటి ఎంపిక. సబ్ బేస్ (బేస్‌లో అట్టడుగు భాగం) లోతుగా దిగుతుంది, వెల్వెట్ లాంటి ప్యాడ్లు గంటల తరబడి పెట్టుకున్నా నొప్పి పెట్టవు, విడిభాగాలు మార్చుకోవచ్చు. దాని లోపాలూ తెలిసి కొనండి. బేస్ కొంచెం ఎక్కువ చూపిస్తుంది, పై ధ్వనులు పదునుగా గుచ్చుకుంటాయి, కేబుల్ ఊడదీయడానికి వీలుండదు. 250 ఓంల రకం జోలికి వెళ్లవద్దు. దానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్‌లు (మైకునూ హెడ్‌ఫోన్‌నూ కంప్యూటర్‌కు కలిపే పెట్టెలు) కొన్ని సరిపడా ఇవ్వలేవు. ఖర్చు తగ్గించుకోవాలంటే ఆడియో టెక్నికా ఎటిహెచ్ ఎం40ఎక్స్ చూడండి. దాని అన్న ఎం50ఎక్స్‌కే పేరెక్కువ గానీ, మీ పనికి తమ్ముడి సమతూకమే నాకు నచ్చుతుంది. ఎప్పుడైనా ఏసీ పెట్టుకుని ఫ్యాన్ ఆపగలిగితే, రాత్రి వీధి సద్దుమణిగాక మిక్స్ చేసే అలవాటుంటే, అప్పుడు ఓపెన్ బ్యాక్‌లో హెచ్‌డి 560ఎస్ గురించి ఆలోచించవచ్చు. హెచ్‌డి 600 కన్నా ఇది కిందికి బాగా దిగుతుంది. బేస్ విషయంలో అన్నిటికన్నా నిజాయితీగా ఉండేవి ప్లేనార్ (పలచటి చదును పొర కంపించి ధ్వని ఇచ్చే) హెడ్‌ఫోన్లు, హైఫైమ్యాన్ సుందర లాంటివి. కానీ అవి చాలావరకు ఓపెన్ బ్యాక్.

మీరు కళ్లద్దాలు పెట్టుకుంటారో లేదో రాయలేదు. పెట్టుకుంటే దుకాణంలో అద్దాలతోనే విని చూడండి. క్లోజ్డ్ బ్యాక్‌లో ప్యాడ్‌కూ చెంపకూ మధ్య చిన్న సందు ఉన్నా సబ్ బేస్ కారిపోతుంది. అద్దాల కాడ పక్కన ప్యాడ్‌ను వేలితో కొద్దిగా నొక్కి వినండి. ధ్వని మారిందంటే ఆ హెడ్‌ఫోన్ మీ ముఖానికి సరిపోలేదు.

కొన్నాక మొదటి వారం మిక్స్ చేయవద్దు, ఊరికే వినండి. 20 నుంచి 200 హెర్ట్జ్ వరకు మెల్లగా పైకి వెళ్లే సైన్ స్వీప్‌ను మితమైన శబ్దంలో వినిపించుకుని, ఎక్కడ ఉబ్బుతోందో, ఎక్కడ తగ్గుతోందో కాగితం మీద రాసుకోండి. అది ఆ హెడ్‌ఫోన్ గురించి మీ చెవి ఇచ్చే వాంగ్మూలం. తర్వాత డీజే బాక్సుల్లోనూ కారులోనూ బాగా మోగుతుందని మీకు తెలిసిన పాటలు రెండు మూడు ఎంచుకుని, మీ మిక్స్‌తో సమానమైన శబ్దంలోకి తెచ్చి పక్కపక్కన పోల్చండి. ఈ పని చేయకుండా ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్ కొన్నా ఫలితం ఉండదని గట్టిగా చెబుతున్నాను. వోక్సెంగో స్పాన్ అనే ఉచిత ప్లగిన్‌లో (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు జతచేసే చిన్న ప్రోగ్రాం) రెండు పాటల స్పెక్ట్రమ్, అంటే ఏ ధ్వని ఎంత ఉందో చూపే గ్రాఫ్, చూస్తే చెవి తప్పిన చోట కన్ను పట్టుకుంటుంది. హెడ్‌ఫోన్‌లో బేస్ ఒంటికి తగలదు, ఛాతీ అదరదు. ఆ లోటు పూడ్చాలని తెలియకుండానే బేస్ పెంచేస్తాం. స్పెక్ట్రమ్ చూస్తూ పనిచేయడం దీనికి మంచి విరుగుడు.

మీ పాటల విషయానికి వస్తే, 808ను పాట శ్రుతికి కలపండి. 30 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ (అంతకన్నా కింది ధ్వనులను తగ్గించేది) పెట్టండి. ఆ కింద ఉన్నది బాక్సులకు భారమే తప్ప సంగీతం కాదు. సుమారు 100 హెర్ట్జ్ కిందంతా మోనోలో (రెండు వైపులా ఒకే ధ్వని) ఉంచండి. తప్పెట దెబ్బ, 808 ఒకే క్షణంలో పడే చోట ఒకదాని పోలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) చూసి, ఏ వైపు నిండుగా ఉంటే అది ఉంచండి. దెబ్బ పడినప్పుడు 808 కొద్దిగా తగ్గేలా సైడ్‌చెయిన్ కంప్రెసర్ పెడితే డీజే బాక్సుల్లో దరువు విడిగా పలుకుతుంది. ఫోన్ స్పీకర్‌లో 40 హెర్ట్జ్ పలకనే పలకదు. కాబట్టి 808కు కాస్త శాచురేషన్ (పై స్వరాలు పుట్టించే స్వల్ప వక్రీకరణ) ఇవ్వండి. దాని పై హార్మోనిక్స్ (అడుగు స్వరానికి రెట్టింపు, మూడు రెట్లు హెర్ట్జ్ ఉండే స్వరాలు) వినిపిస్తే చాలు, అడుగు స్వరం ఉన్నట్టే మెదడు పోల్చుకుంటుంది.

శబ్దం స్థాయి గురించి ఒక్క మాట. తక్కువ శబ్దంలో మన చెవికి బేస్ తగ్గినట్టు, ఎక్కువ శబ్దంలో పెరిగినట్టు వినిపిస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి చూపారు. అందుకని వాల్యూమ్ గుండీని ఒక చోట గుర్తు పెట్టి, బేస్ నిర్ణయాలన్నీ అక్కడే తీసుకోండి. ఆ చోటు కూడా తక్కువగానే ఉండాలి. వారానికి 40 గంటలు వినేవారు సగటున 80 డెసిబెల్స్ దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. బేస్ పాటలు చేసేవారు ఈ హద్దును తేలిగ్గా దాటేస్తారు. పోయిన వినికిడి తిరిగి రాదు, మీ వృత్తికి పెట్టుబడి మీ చెవులే.

ప్రశ్న: ఎంవీపీ కాలనీ నుంచి రాస్తున్నాను, ఇంజినీరింగ్ విద్యార్థిని. నా దగ్గర మంచి బ్లూటూత్ నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్ ఉంది. బీట్లు చేయడానికి అది చాలదా?

జవాబు: బీట్లు అల్లుకోవడానికి కొంతవరకు చాలు, మిక్సింగ్‌కు చాలదు. కీబోర్డు మీట నొక్కాక బ్లూటూత్‌లో ధ్వని చెవికి చేరేసరికి సెకనులో పదో వంతు, అంతకంటే ఎక్కువ కూడా ఆలస్యమవుతుంది. తాళం కుదరదు. అలాంటి హెడ్‌ఫోన్లలో లోపలి చిప్ బేస్‌ను తనకు తోచినట్టు సవరిస్తుంది. నాయిస్ క్యాన్సిలింగ్ వేసినప్పుడు ఒకలా, తీసినప్పుడు మరోలా వినిపించేవీ ఉన్నాయి. వైరు పెట్టి వాడితే ఆలస్యం పోతుంది, స్వభావం మాత్రం మిగిలిపోతుంది. పారేయకండి. శ్రోతల్లో చాలామంది వినేది అలాంటి వాటిలోనే కాబట్టి, పాట పూర్తయ్యాక చివరిసారి విని చూసుకోవడానికి అది ఎంతో ఉపయోగపడుతుంది.

ప్రశ్న: మధురవాడలో ఉంటాను. హెడ్‌ఫోన్ ధ్వనిని చదును చేసే కరెక్షన్ ప్లగిన్ వాడుతున్నాను. ప్రాజెక్టులో పాట బాగుంటోంది. ఎగుమతి చేశాక మాత్రం బేస్ లేకుండా, మందకొడిగా ఉంటోంది. ఎందుకు?

జవాబు: ఆ ప్లగిన్ మాస్టర్ ఛానల్‌లో (పాట మొత్తం కలిసి బయటికి వెళ్లే దారి) ఉండిపోయి, దాని సవరణ పాటలోనే అచ్చయిపోయింది. మీ హెడ్‌ఫోన్ బేస్‌నూ పై ధ్వనులనూ ఎక్కువ చూపించే రకం అయి ఉంటుంది. ప్లగిన్ వాటిని తగ్గిస్తుంది. ఆ తగ్గింపు మీ చెవికి మాత్రమే చేరాలి, పాటలోకి వెళ్లకూడదు. ఎగుమతికి ముందు ప్లగిన్‌ను ఆపండి. మరిచిపోతామనుకుంటే దాన్ని మానిటరింగ్ దారిలోకి మార్చండి. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ ఎఫ్ఎక్స్ అనే చోటు ఇందుకే ఉంది, అక్కడ పెట్టినది ఎగుమతిలోకి వెళ్లదు. సౌండ్ ఐడీ రిఫరెన్స్ అనే కరెక్షన్ ప్లగిన్ వాడేవారు దాని సిస్టమ్‌వైడ్ అప్లికేషన్‌తో ఈ బాధ తప్పించుకోవచ్చు. డబ్బు పెట్టకుండా చేయాలంటే ఆటోఈక్యూ అనే ఉచిత ప్రాజెక్టులో మీ మోడల్‌కు ఇచ్చిన సవరణ అంకెలు తీసుకుని, మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోని పారామెట్రిక్ ఈక్యూలో (ఎంచుకున్న హెర్ట్జ్ దగ్గర ధ్వనిని పెంచే, తగ్గించే సాధనం) వేసుకుంటే సరి. విండోస్‌లో కంప్యూటర్ ధ్వని మొత్తాన్ని సవరించే ఈక్వలైజర్ ఏపీఓ వాడుతుంటే ఒకటి గుర్తుంచుకోండి. మీ ఇంటర్‌ఫేస్‌ను ఏఎస్ఐఓ డ్రైవర్‌తో (విండోస్ సౌండ్ వ్యవస్థను దాటి నేరుగా ధ్వని పంపేది) నడిపితే అది పనిచేయదు, సవరణ ఉందనుకుని లేకుండానే మిక్స్ చేస్తారు.

ప్రశ్న: భీమిలిలో సముద్రానికి దగ్గరగా ఉంటాం. హెడ్‌ఫోన్ ప్యాడ్ల తోలు పొరలుపొరలుగా ఊడి మెడకు అంటుకుంటోంది. బేస్ కూడా తగ్గినట్టుంది. హెడ్‌ఫోనే మార్చాలా?

జవాబు: ప్యాడ్లు మారిస్తే చాలు. కృత్రిమ తోలు చెమటకూ తేమకూ త్వరగా పాడవుతుంది. తోలు చిట్లితే చెవి చుట్టూ గాలి బిగువు పోయి బేస్ తగ్గుతుంది, మీరు విన్నది భ్రమ కాదు. ఆ మోడల్‌కు కంపెనీ అమ్మే అసలు ప్యాడ్లే తీసుకోండి. మందం, లోపలి స్పాంజి మారితే బేస్ స్వభావమే మారిపోతుంది. చవక ప్యాడ్లు వేసి పాత అలవాటుతో మిక్స్ చేస్తే లెక్క తప్పుతుంది. వాడిన ప్రతిసారీ పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో పెట్టండి. ఒక పక్క ధ్వని వచ్చి పోతుంటే మాత్రం ముందు పిన్ను చూడండి. ఉప్పుగాలికి దాని మీద మసక పొర పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక గుచ్చండి.