ఎన్నడూ కలవని స్నేహితులతో రోజూ ఏం కబుర్లుంటాయి?

"ముఖం చూడని వాళ్లతో రోజూ చాటింగ్ చేసేంత ఏముంటుంది, అదీ ఒక స్నేహమేనా?" అని అడిగారు. స్నేహమో కాదో మీరే తేల్చుకోండి. మా ఏడుగురి సంగతి చెప్తాను.

మాది ఆర్కుట్ నాటి పరిచయం, ఫేస్‌బుక్ లాంటి పాత సైటు అది. వంటల కమ్యూనిటీలో రోజూ వాగేవాళ్లం పాతికమందిమి ఉండేవాళ్లం. ఇప్పుడు మిగిలింది ఏడుగురం. నాది హనుమకొండ. విశాఖలో రిటైరైన లెక్కల మాస్టారొకరు, మదనపల్లె నుంచి ఒకామె, కువైట్‌లో ఒక తమ్ముడు, డల్లాస్‌లో ఒక అక్క. మిగతా ఇద్దరూ అన్నీ చదువుతారు, ఏమీ రాయరు. ప్రతి గ్రూపులో ఉంటారు కదా అలాంటివాళ్లు.

పొద్దున ఆరున్నరకు చాయ్ పొయ్యి మీద పెట్టి "ఏం కూర ఇయ్యాల?" అని పెడతాను. అప్పటికి డల్లాస్‌లో రాత్రి ఎనిమిది, అక్క గిన్నెలు సర్దుతూ ఉంటుంది. చలికాలమైతే ఏడే. వాళ్లు ఏడాదికి రెండుసార్లు గడియారం తిప్పుతారు, ఆ లెక్క నాకింకా పట్టుబడలేదు. కువైట్ తమ్ముడు ఎండాకాలం మధ్యాహ్నాలే ఎక్కువ మాట్లాడతాడు. జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదు. రూములో పడుకుని మా కూరల ఫొటోలు చూసి "చంపకండక్కా" అంటాడు.

ఓ మే నెలలో మాస్టారు "ఇవాళ ఆనపకాయ పులుసు, బెల్లం ముక్క వేసి" అని పెట్టారు. మదనపల్లె ఆమెకు అనపకాయలంటే సంక్రాంతి రోజుల్లో వచ్చే గింజల కాయలు, నానబెట్టి పితికిపప్పు చేసుకునేవి. దీర్ఘాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

"ఎండల్లో అనపకాయలు ఎక్కడివి సార్? అందులో బెల్లమేంది?"

"మా పెరట్లో పాదు ఉందమ్మా. ఒక్కోటి మూరెడుంటుంది."

మూరెడు అనపకాయ! అరగంట నడిచింది ఆ గొడవ. చివరికి ఆయన ఫొటో పెడితే "ఓరి దేవుడా, సొరకాయ!" అందామె. ఇప్పటికీ ఎవరైనా గొప్పలు పోతే మా దగ్గర "మూరెడు అనపకాయ" అంటాం.

పాతికమంది ఏడుగురెలా అయ్యారంటే, 2013 జూలై 30న తెలంగాణ ఇవ్వాలని ఢిల్లీలో కాంగ్రెస్ తీర్మానం చేసింది. మర్నాటి నుంచి వంటల కమ్యూనిటీలో వంట లేదు. నేనూ తక్కువ తినలేదు. మాస్టారిని నోటికొచ్చినట్టు అన్నాను, ఆయనా ఊరుకోలేదు. నెలల తరబడి మాటల్లేవు. చాలామంది వెళ్లిపోయారు. నా ప్రతి మాటకూ "కరెక్ట్ అక్కా" అన్నవాళ్లు కూడా పోయారు, అదే నాకు వింత. తర్వాతి సంక్రాంతి ముందు మాస్టారు నా పేరు పెట్టి అడిగారు: "అమ్మా, అరిసెలు నూనెలో విచ్చిపోతున్నాయి. మా ఆవిడ ఉండగా చూసి నేర్చుకోలేదు." నేను రెండే ముక్కలు రాశాను. "పాకం లేతగా ఉంది సార్. నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి." గంట తర్వాత ఫొటో వచ్చింది. ఒకటి మాడింది, మిగతావి బాగానే ఉన్నాయి.

ఆ ఏడే సెప్టెంబరు 30న ఆర్కుట్ మూసేశారు. అప్పటికి నంబర్లు ఇచ్చి పుచ్చుకున్నవాళ్లం ఏడుగురమే, వాట్సాప్‌కి వచ్చేశాం. రాష్ట్రం విషయంలో మాస్టారికీ నాకూ ఇప్పటికీ పొసగదు. ఎన్నికల నెలలో ఇద్దరం పచ్చళ్ల గురించే మాట్లాడతాం. రూలేం లేదు, భయం.

దీన్ని మరీ గొప్ప చేసి చెప్పలేను. మా అత్తమ్మను ఆసుపత్రిలో చేర్చినప్పుడు టిఫిన్ క్యారియర్ మోసింది పక్కింటామె, వీళ్లు కాదు. ఆస్తి తగాదాలు, పిల్లల సంబంధాలు వీళ్లతో నేను చెప్పను. వీళ్లలో సగం మంది ఇంటిపేరు కూడా నాకు తెలియదు. మనవాళ్లు మొదట అడిగేదే అది కదా, దేనికి అడుగుతారో కూడా తెలిసిందే. ఇక్కడెవరూ అడగలేదు.

కానీ అత్తమ్మ ఆసుపత్రిలో ఉన్న ఆ జనవరిలోనే ఓ రాత్రి మూడింటికి వార్డు బయట బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. డల్లాస్‌లో మధ్యాహ్నం మూడున్నర. అక్క ఆ పూట కరివేపాకు కుండీని చలికి తట్టుకోలేదని ఇంట్లోకి ఈడ్చుకొచ్చిందట. దాన్ని ఏ కిటికీ దగ్గర పెట్టింది, ఎన్ని ఆకులు రాలాయి, బావగారు మట్టి మరకలు చూసి ఏమన్నారు, అన్నీ చెప్పింది. అత్తమ్మకెలా ఉందని ఒక్కసారే అడిగింది. మిగతా రెండు గంటలూ ఆ మొక్కే.