పాత మిలిటరీ రైఫిల్‌ను అసలు రూపానికి తేవచ్చా?

ప్రశ్న: మా తాతగారి బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగి పేల్చేది) ఇప్పుడు నా లైసెన్సులో ఉంది. మొదట అది సైన్యం వాడిన త్రీనాట్‌త్రీ (.303). దాన్ని ఎప్పుడో .315 బోరుకు (బోరు అంటే గొట్టం లోపలి కొలత) మార్చి, ముందువైపు చెక్కను కోసి వేట తుపాకీలా చేశారు. దానిపై 1917 అనే ముద్ర ఉంది. నూరేళ్లు దాటింది గనుక పురాతన వస్తువుగా భావించి, పాత .303 గొట్టం, చెక్క బిగించి అసలు రూపానికి తెచ్చుకోవచ్చా?

సమాధానం: చెక్క విషయంలో మీ కోరిక తీరే మార్గం ఉంది. గొట్టం విషయంలో మాత్రం లేదు.

ముందుగా వయసు సంగతి చూద్దాం. ఆయుధ చట్టం, 1959లోని 45(సి) సెక్షన్ పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఇస్తున్న మాట నిజమే కానీ, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరాని స్థితిలో ఉన్న వాటికే అది వర్తిస్తుంది. మీ రైఫిల్ పేలుతుంది కాబట్టి నూరేళ్లయినా రెండు వందల ఏళ్లయినా దానికి లైసెన్సు ఉండి తీరాలి. నూరేళ్లు నిండిన వస్తువులను పురావస్తువులుగా చూసే 1972 నాటి చట్టం వేరు; దాని కింద నమోదు చేయించినా ఆయుధ లైసెన్సు అవసరం తప్పదు.

ఇక అసలు చిక్కు బోరులో ఉంది. .303 సైనిక తూటా పేల్చగల రైఫిళ్లను ఆయుధ నిబంధనలు, 2016 నిషిద్ధ ఆయుధాల కోవలో ఉంచాయి. ఇలాంటి రైఫిళ్లను .315కు మార్చడానికి కారణం కూడా సైనిక తూటా పౌరుల చేతికి అందకూడదనే. అందువల్ల .303 గొట్టం బిగించిన క్షణం నుంచి, మీ దృష్టిలో అది పునరుద్ధరణే అయినా చట్టం దృష్టిలో సాధారణ ఆయుధాన్ని నిషిద్ధ ఆయుధంగా మార్చడమే అవుతుంది. దానికి ఆయుధ చట్టం 7వ సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వ ప్రత్యేక అనుమతి కావాలి. మీ లైసెన్సు ఇచ్చిన స్థానిక అధికారికి ఆ అధికారం లేదు. 2019 సవరణ తర్వాత నిషిద్ధ ఆయుధం దగ్గర ఉంచుకున్నందుకే 7 నుంచి 14 ఏళ్ల జైలు శిక్ష పడవచ్చు. బిగించకుండా గొట్టాన్ని బీరువాలో దాచుకుంటే ఫర్వాలేదని కొందరు అనుకుంటారు గానీ, తుపాకీ భాగాలను కూడా చట్టం తుపాకీగానే నిర్వచించింది.

.315 గొట్టాన్ని, చాంబర్‌ను (తూటా కూర్చునే భాగాన్ని) కదపకుండా చెక్క భాగాలను మాత్రమే పాత నమూనాలో అమర్చుకుంటే ఆయుధం కోవ మారదు. అయితే ఆ పనిని కూడా మరమ్మతు లైసెన్సు ఉన్న డీలరుకే అప్పగించి, రైఫిల్ నంబరు రాసిన రసీదు తీసుకోండి, ఎందుకంటే 5వ సెక్షన్ మార్పులతో పాటు మరమ్మతును కూడా లైసెన్సు పరిధిలోకి తెచ్చింది. మెరుగు పెట్టేటప్పుడు లోహంపై ఉన్న నంబరు అరిగిపోకుండా దగ్గరుండి చూసుకోండి. ముద్ర చెరిపితే 8వ సెక్షన్ కింద నేరం, పైగా ముద్ర లేని తుపాకీ ఎవరి దగ్గర దొరికితే వారే దాన్ని చెరిపారని చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసింది మీరే.

గోడకు అలంకరణగా ఉంటే చాలనుకుంటే, మళ్లీ ఎన్నటికీ పేలకుండా శాశ్వతంగా నిర్వీర్యం చేయించడం మరో దారి. గొట్టంలో సీసం పోసి మూసేసినంత మాత్రాన సరిపోదు, ఆ సీసాన్ని కరిగించి తీసేయవచ్చు. నా అభిప్రాయంలో, చక్కగా పనిచేస్తున్న .315 రైఫిల్‌ను అలా పాడుచేయనక్కర్లేదు. ఏ భాగాలు మారుస్తున్నారో, బోరు యథాతథంగా ఉంటుందన్న విషయం సహా, లైసెన్సింగ్ అధికారికి ముందుగానే రాతపూర్వకంగా తెలిపి, అందినట్లు ముద్ర వేయించుకున్న తర్వాతే రైఫిల్‌ను డీలరుకు ఇవ్వండి.