ట్రాన్స్‌మిషన్ ప్రెషర్ సెన్సర్ కోడ్ వచ్చిందా? గేర్‌బాక్స్ విప్పనిచ్చే ముందు వైరు చూడండి

కొత్తగా విదేశానికి వచ్చి సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు కొనుక్కున్నవాళ్లు తరచూ అడిగే సందేహం ఇది: "చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. బండి ఒకే గేర్లో ఉండిపోతోంది, గేరు మారితే కుదుపు. వర్క్‌షాపులో ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) పోయిందంటున్నారు. మార్పించేయాలా?"

కోడ్ (కారు కంప్యూటర్ రాసిపెట్టుకునే తప్పు నంబరు) ఏమిటో తెలియకుండా ఒప్పుకోకండి. చవక రీడర్ చాలాసార్లు పి0700 ఒక్కటే చూపిస్తుంది. ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్లో ఏదో కోడ్ ఉందని మాత్రమే దానర్థం. అసలు కోడ్ కావాలంటే ఆ కంప్యూటర్‌ని చదవగలిగే స్కానర్ వాడాలి. అందులో పి0840 నుంచి పి0844 దాకా ఏదైనా ఉంటే అది గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ ఎంతుందో కంప్యూటర్‌కి చెప్పే సెన్సర్ లేదా స్విచ్ 'ఎ' సంగతి. పి0845 నుంచి పి0849 దాకా ఉంటే 'బి' సంగతి. పి0842 అంటే సంకేతం తక్కువగా వస్తోంది, పి0843 అంటే ఎక్కువగా వస్తోంది, పి0844 అంటే వచ్చిపోతోంది. ఈ మూడింటికీ ముందు అనుమానించాల్సింది కరెంటు దారినే. పి0841 మాత్రం వేరు. సంకేతం వస్తోంది కానీ ఉండాల్సిన తీరులో లేదు. అక్కడ ఆయిల్ మట్టం, పంపు, ఆయిల్‌ని క్లచ్‌లకు పంపే వాల్వ్ బాడీ కూడా లెక్కలోకి వస్తాయి. పి0745 నుంచి పి0748 దాకా వచ్చేవి ప్రెషర్ కంట్రోల్ సోలినాయిడ్‌వి, అంటే ప్రెషర్‌ని కొలిచేది కాదు, కరెంటుతో సర్దే వాల్వ్. చాలామంది ఈ రెండింటినీ కలగలిపి తప్పు పార్టు కొంటారు.

ఆ కుదుపు చూసి కంగారు పడకండి. ప్రెషర్ ఎంతుందో కంప్యూటర్‌కి నమ్మకం పోతే, క్లచ్‌లు జారి కాలిపోకుండా ఆయిల్ ప్రెషర్‌ని బాగా పెంచేసి ఒకే గేర్లో పట్టి ఉంచుతుంది. గేర్‌బాక్స్‌ని కాపాడే ఏర్పాటే అది. అలాగని వారాల తరబడి అలాగే నడపకూడదు.

పరీక్ష బ్యాటరీతో మొదలుపెట్టండి. ఇంజిన్ ఆపి కాసేపు ఉంచాక 12.6 వోల్టుల దగ్గర, నడుస్తుండగా సుమారు 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. చలి దేశాల్లో నీరసించిన బ్యాటరీ కంప్యూటర్ల చేత లేనిపోని కోడ్‌లు వేయిస్తుంది. తర్వాత ఫ్రీజ్ ఫ్రేమ్ రాసిపెట్టుకోండి: కోడ్ పడినప్పుడు వేగం, ఆయిల్ వేడి ఎంతున్నాయో అందులో ఉంటుంది. దాన్ని రాసుకోకుండా కోడ్ చెరిపేస్తే ఆ ఆధారం పోతుంది.

ఇప్పుడు సెన్సర్‌కి వైర్లు తగిలే ప్లగ్, అంటే కనెక్టర్. మంచు రోడ్ల మీద ఉప్పు చల్లే చోట్ల పిన్నులు ఆకుపచ్చగా తుప్పు పట్టడం మామూలే. కనెక్టర్లో ఎర్రటి ఆయిల్ కనిపిస్తే సీలు పోయిందన్నమాట. ఆ ఆయిల్ వైర్ల లోపలి నుంచే పాకి కంప్యూటర్ దాకా చేరగలదు, కాబట్టి రెండో చివర కూడా విప్పి చూడండి. ఎగ్జాస్ట్ పైపు పక్కన వెళ్లే చోట వైరు కరిగిందేమో, బ్రాకెట్‌కి రాసుకుని తొడుగు ఊడిందేమో వెతకండి. కారు కిందికి వెళ్లాలంటే జాక్ ఒక్కదాన్నే నమ్మొద్దు. స్టాండ్లు వేసి, చక్రాలకు అడ్డు పెట్టాకే.

మూడు వైర్ల సెన్సర్‌కి 5 వోల్టుల సరఫరా, గ్రౌండ్ (బ్యాటరీ మైనస్‌కి చేరే దారి), సంకేతం ఉంటాయి. ఇగ్నిషన్ ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా డిజిటల్ మల్టీమీటర్‌తో కనెక్టర్ వెనక వైపు నుంచి సన్నటి పిన్నుతో కొలవండి. టెస్ట్ ల్యాంప్ వాడొద్దు, వైరు తొడుగుకి కన్నం పెట్టొద్దు. సరఫరా 5 వోల్టులకు దగ్గరగా ఉండాలి. లేకపోతే తప్పు సెన్సర్‌దే అనుకోకండి: అదే సరఫరా వేరే సెన్సర్లకూ వెళ్తుంది, వాటిలో ఒకటి షార్టయినా ఇదీ పడిపోతుంది. పి0641 గానీ పి0651 గానీ తోడుగా ఉంటే ఈ అనుమానం బలపడుతుంది. సెన్సర్ తగిలించి ఉండగా గ్రౌండ్ పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 0.1 వోల్టు మించకూడదు. గ్రౌండ్ తెగితే సంకేతం పైకి ఎగబాకుతుంది, పాపం ఆ నింద సెన్సర్ మీద పడుతుంది. ప్రెషర్ లేనప్పుడు సంకేతం సాధారణంగా 0.5 వోల్టు దగ్గర, ఇంజిన్ స్టార్టయ్యాక పైకి, 4.5 లోపు ఉండాలి. సరైన అంకె మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌దే.

సెన్సర్ కనెక్టర్ తీసేసి స్కానర్లో లైవ్ డేటా చూడండి. బండిని బట్టి సంకేతం 5 వోల్టుల వైపో సున్నా వైపో పోతుంది. ఏది సరైనదో మాన్యువల్ చెబుతుంది. 5 చూపించే బండిలో సంకేతం పిన్నుని గ్రౌండ్‌కి కలిపితే సున్నాకి దిగాలి. దిగితే వైరు, కంప్యూటర్ రెండూ బాగున్నట్టే, మిగిలింది సెన్సర్. దిగకపోతే సెన్సర్ కొనడం దండగ. 5 వోల్టుల పిన్నుని మాత్రం గ్రౌండ్‌కి ఎన్నడూ కలపకండి. వైరు ఓమ్‌లు (కరెంటుకి ఎంత అడ్డుందో) చూడాలంటే బ్యాటరీ తీసి, రెండు చివరలూ విప్పాకే. 1 ఓమ్ లోపు రావాలి.

ఒకటి రెండు వైర్లే ఉంటే అది సాధారణంగా స్విచ్. ప్రెషర్‌తో కలుస్తుందో విడిపోతుందో ఓమ్ మీటర్‌తో చూస్తే తెలిసిపోతుంది. మూడు వైర్ల సెన్సర్‌ని ఓమ్‌లతో తేల్చలేం, లోపల సర్క్యూట్ ఉంటుంది.

వచ్చిపోయే తప్పుకి ఇంజిన్ వేడెక్కాక, లైవ్ డేటా చూస్తూ వైర్లను కొంచెం కొంచెంగా కదిలించండి. అంకె ఎక్కడ గెంతితే అక్కడే తెగింది.

వీటిలో ఏదీ చేతకాకపోయినా ఫర్వాలేదు. వర్క్‌షాపుని ఒక్కటే అడగండి: "సరఫరా, గ్రౌండ్, సంకేతం ఎన్ని వోల్టులు వచ్చాయో కాగితం మీద రాసివ్వండి." ఆ మూడు అంకెలు ఇవ్వలేనివాళ్ల మాట మీద గేర్‌బాక్స్ దింపనివ్వకండి.