విమానం రివెట్లకు ఏ పనిముట్లు ముందు కొనాలి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. లారీలకు, ట్రాక్టర్ ట్రాలీలకు బాడీలు కట్టే షెడ్డు మా నాన్నగారి కాలం నుంచి నడుపుతున్నాము. మా బావమరిది ఆదిభట్ల వైపు విమాన భాగాలు తయారుచేసే ఒక కర్మాగారంలో రివెట్ల పని చేస్తాడు. ఇద్దరమూ కలిసి రెండు సీట్ల అల్యూమినియం విమానం కిట్ తెప్పించుకొని స్వయంగా కట్టాలని నిశ్చయించుకున్నాము. ప్లాన్లలో 3/32, 1/8 అంగుళాల ఏఎన్ 426 (తల రేకుతో సమంగా కూర్చునేవి), ఏఎన్ 470 (తల పైకి ఉబ్బి ఉండేవి) రివెట్లు ఉన్నాయి. షెడ్డులో 2 హెచ్‌పీ కంప్రెసర్, ఉలి తగిలించి వాడే ఎయిర్ హ్యామర్ ఉన్నాయి. వీటితో సరిపెట్టుకోవచ్చా? అన్నీ ఒకేసారి కొనే స్తోమత లేదు కనుక దేనికి ముందు డబ్బు పెట్టాలో చెప్పగలరు.

జవాబు: మీ కంప్రెసర్ పనికొస్తుంది, ఎయిర్ హ్యామర్ పనికిరాదు. చూపుకు అది రివెట్ గన్‌లాగే ఉంటుంది, 0.401 అంగుళాల షాంకు (కాడ) ఉన్న రివెట్ సెట్టు, అంటే రివెట్ తల మీద దెబ్బ వేసే ఉక్కు ముక్క, చాలా ఎయిర్ హ్యామర్ల మూతిలో చక్కగా కూర్చుంటుంది కూడా. అందుకే చాలామంది దానితోనే పని కానిచ్చేద్దామనుకుంటారు. తేడా అంతా ట్రిగ్గర్‌లో ఉంది. తుప్పు పట్టిన బోల్టు తలను ఎగరగొట్టడానికి చేసిన హ్యామర్ మీట నొక్కీ నొక్కగానే పూర్తి జోరుతో కొడుతుంది. రివెట్ గన్ అలా కాక వేలి ఒత్తిడికి లొంగి ఉంటుంది. కొద్దిగా నొక్కితే దెబ్బలు విడివిడిగా వేసి, వేలు లోపలికి వెళ్లే కొద్దీ వేగం పెంచుతుంది. విమానం తొడుగుకు వాడే 0.025 అంగుళాల రేకు మందం అర మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ, అంతే. మొదటి రెండు మూడు దెబ్బల్లో సెట్టు రివెట్ తల మీద నిలదొక్కుకోకపోతే, అది పక్కకు జారి తల మీద నెలవంక ఆకారంలో గాటు పెడుతుంది, లేదా రేకునే సొట్ట చేస్తుంది.

గన్ కొనే ముందు పరీక్షించడానికి తేలికైన మార్గం ఒకటుంది. దానికి సెట్టు బిగించి, ఒక చెక్క దిమ్మెకు గట్టిగా ఆనించి, మీటను వెంట్రుకవాసి నొక్కి చూడండి. దెబ్బలు లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా పడితే ఆ గన్ మీకు పనికొస్తుంది. మొదటి నొక్కుకే గడగడమని అందుకుంటే, ఎంత పేరున్న కంపెనీదైనా పక్కన పెట్టండి. సెట్టును పట్టి ఉంచే స్ప్రింగు లేకుండా మాత్రం గన్‌ను ఎన్నడూ నడపవద్దు. గాలిలోకి గురిపెట్టి నొక్కినా, స్ప్రింగు లేని సెట్టు తూటాలా దూసుకుపోతుంది.

మీ ప్లాన్లలోని రెండు కొలతలకూ 3ఎక్స్ గన్ ఒక్కటే చాలు (2ఎక్స్, 3ఎక్స్ అనేవి గన్ సైజులు, అంకె పెరిగితే దెబ్బ బలం పెరుగుతుంది). 2ఎక్స్ తేలికగా, త్వరత్వరగా కొడుతుంది కనుక 3/32కు హాయిగా ఉంటుంది కానీ, 1/8 రివెట్ దగ్గరికి వచ్చేసరికి దానికి ఎక్కువ దెబ్బలు పడతాయి. అల్యూమినియం దెబ్బ తిన్న కొద్దీ గట్టిపడే లోహం కాబట్టి, చాలాసేపు చిన్నగా కొట్టడం కన్నా తక్కువ దెబ్బల్లో రివెట్‌ను ముగించడం మేలు. గన్ వెనుక చిన్న రెగ్యులేటర్ పెట్టుకొని, 30–40 పీఎస్ఐ మధ్య మొదలుపెట్టి, పనికిరాని రేకు ముక్కల మీద కొట్టి చూసుకుంటూ సర్దుకోండి. గన్‌ను బట్టి, గొట్టం పొడవును బట్టి ఈ అంకె మారుతుంది.

ఇక డబ్బు సంగతి. నా అభిప్రాయంలో రివెట్‌నూ రేకునూ నేరుగా తాకే ముఖాలకే మొదటి ఖర్చు పెట్టాలి. అంటే డింపుల్ డైలు (రివెట్ తల కూర్చునేలా రంధ్రం చుట్టూ రేకును గిన్నెలా నొక్కే అచ్చులు), సెట్లు, బకింగ్ బార్లు (గన్ కొట్టేటప్పుడు రివెట్ వెనుక ఆనించి పట్టే ఉక్కు దిమ్మెలు). గన్ కాస్త పాతదైనా, చేతులు మారి వచ్చినదైనా పని జరుగుతుంది. డై ముఖంలో లోపం ఉంటే, ఆ లోపం రెక్క పొడవునా వేల చోట్ల అచ్చు పడుతుంది.

డైల విషయంలో మీ షెడ్డు అలవాటు ఒకటి ఇక్కడ ఇబ్బంది పెట్టవచ్చు. బజారులో దొరికే మామూలు కౌంటర్‌సింక్ బిట్లు (తల కూర్చునేలా రంధ్రం నోటిని ఏటవాలుగా తొలిచేవి) 82 లేదా 90 డిగ్రీలవి ఉంటాయి. ఏఎన్ 426 రివెట్ తల 100 డిగ్రీలది. కోణం కలవకపోతే తల అంచు మీదనో అడుగు మీదనో మాత్రమే ఆని, మధ్యలో ఖాళీ మిగిలి, కొన్నాళ్లకు రివెట్ వదులవుతుంది. 0.032 అంగుళాల దాకా ఉన్న పలుచని రేకులను డింపుల్ చేయాలి, అంతకన్నా మందమైన వాటిని కౌంటర్‌సింక్ చేయవచ్చు. ప్రతి చోటా ఏది చేయాలో మీ ప్లాన్లే చెబుతాయి. మంచి డైతో వేసిన డింపుల్ చుట్టూ రేకు చదునుగా నిలుస్తుంది. నాసి డైతో వేస్తే చుట్టూ ఉంగరంలా ఉబ్బు వస్తుంది, రంగు వేశాక అది ఇంకా బాగా కనిపిస్తుంది. రంధ్రం అంచును నున్నగా చేయకుండా డింపుల్ వేస్తే, డై ఎంత మంచిదైనా అక్కడి నుంచి సన్నని పగుళ్లు పుడతాయి కాబట్టి, డీబర్రింగ్ పనిముట్టు చవకదే అయినా దాన్ని చులకనగా చూడవద్దు.

బకింగ్ బార్లను మాత్రం బయటి నుంచి తెప్పించుకోనక్కర లేదు. 1/8 అంగుళాల రివెట్లకు 3 నుంచి 4 పౌండ్లు, 3/32కు 2 నుంచి 3 పౌండ్ల ఉక్కు బార్లు సరిపోతాయి. బాలానగర్‌లోని డైలు చేసే చిన్న వర్క్‌షాపుల్లో టూల్ స్టీలు ముక్కను మీకు కావలసిన ఆకారంలో కోసి, గట్టిపరచి, గ్రైండింగ్ చేసి ఇస్తారు. ముఖాన్ని అద్దంలా పాలిష్ చేయించి, మూలలన్నీ గుండ్రంగా తీయించండి. ముఖం మీద గీత ఉంటే ఆ గీత ప్రతి రివెట్ తోక (వెనుక వైపు అణిగే కొన) మీదా అచ్చవుతుంది, మూల పదునుగా ఉంటే పక్కనున్న రిబ్బును (రెక్కకు ఆకారమిచ్చే అడ్డపట్టీని) కోస్తుంది. టంగ్‌స్టన్ బార్ ఉక్కు కన్నా రెండు రెట్లకు పైగా బరువైన లోహంతో చేసినది కనుక, చెయ్యి పట్టని ఇరుకు చోట్ల చిన్న ముక్కతోనే పని జరుగుతుంది. చాలా ఖరీదైనది కాబట్టి, మొదట ఉక్కు బార్లతో విమానం తోక భాగం కట్టి, చేతికి అలవాటయ్యాక ఒక్కటి కొనుక్కోండి.

గన్‌తో పాటు చేతి స్క్వీజర్ ఒకటి తప్పనిసరిగా తీసుకోండి. ఇది కొట్టదు, రెండు వైపులా పట్టి నొక్కుతుంది. శబ్దం ఉండదు, రెండో మనిషి అవసరం లేదు, ప్రతి తలా ఒకే తీరుగా వస్తుంది. రేకు అంచుల్లో, రిబ్బుల్లో, స్పార్ (రెక్క పొడవునా సాగే దూలం) అంచుల్లో దీనితో ఎంత వీలైతే అంత పని చేసి, స్క్వీజర్ యోక్ (రివెట్‌ను రెండు వైపులా పట్టే దవడ) అందని చోటే గన్ పట్టడం మంచి పద్ధతి. 3/32 రివెట్లను చేతి స్క్వీజర్ సులభంగా నొక్కుతుంది, 1/8 వరుసగా నొక్కితే మణికట్టు నొస్తుంది. గాలితో పనిచేసే స్క్వీజర్ ఆ కష్టం తీరుస్తుంది కానీ, అది రెండో విడతలో కొనదగిన వస్తువు. యోక్‌లు కొనేటప్పుడు స్క్వీజర్ కన్నా వాటి లోతు, సన్నదనమే ఎక్కువ ముఖ్యమని గుర్తుంచుకోండి. డింపుల్ డైలు కూడా ఇందులోనే అమరుతాయి.

రేకులను తాత్కాలికంగా కలిపి పట్టే క్లీకోలు ఎన్ని కొన్నా తక్కువే అనిపిస్తాయి. వెండి రంగువి 3/32కు, రాగి రంగువి 1/8కి. రంధ్రాలకు నంబర్ 40, నంబర్ 30 డ్రిల్లు బిట్లు కావాలి. వాటిలో నంబర్ 40 మన బజారులో దొరికే 2.5 మిల్లీమీటర్ల బిట్టుకు దాదాపు సమానం. నంబర్ 30 మాత్రం 3.26 మిల్లీమీటర్లు; హార్డ్‌వేర్ దుకాణంలో చేతికి తగిలే 3 మిల్లీమీటర్ల బిట్టుతో దీన్ని భర్తీ చేయలేరు, కాబట్టి ఆ నంబరు బిట్లనే తెప్పించుకోండి. రేకు మీద గుర్తులు పెట్టడానికి పెన్సిల్ వాడవద్దు. పెన్సిల్ గీతలోని గ్రాఫైట్, తేమ తగిలితే అల్యూమినియంను తినేస్తుంది.

2 హెచ్‌పీ కంప్రెసర్ రివెట్ గన్‌కు ధారాళంగా చాలుతుంది, ఎందుకంటే గన్ ఒక్కో రివెట్ దగ్గర కొన్ని సెకన్లే గాలి వాడుతుంది. గాలి డ్రిల్లు మాత్రం ట్యాంకును త్వరగా ఖాళీ చేస్తుంది, దానికి బదులు కరెంటు డ్రిల్లు వాడితే మీకు కంప్రెసర్ మార్చే అవసరమే రాదు. వానాకాలంలో ట్యాంకు అడుగున నీరు చేరుతుంది కనుక రోజూ పని ముగించాక దాన్ని వదిలేయండి, గన్‌కు ముందు నీటిని పట్టే ఫిల్టరు పెట్టండి, పని మొదలుపెట్టే ముందు గన్‌లో కొన్ని చుక్కల ఎయిర్ టూల్ ఆయిల్ వేయండి. మీ షెడ్డులో బాడీ పనికి వాడే మెత్తని అల్యూమినియం రివెట్లు ఉంటే, అవి విమానం డబ్బాల్లో కలవకుండా వేరే గదిలో ఉంచండి. విమానానికి వాడే ఏడీ (గట్టి మిశ్రమం) రివెట్ తల నడిమధ్యన చిన్న గుంట ఉంటుంది, మెత్తని రివెట్ తల నున్నగా ఉంటుంది. చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఆ గుంటను చూసే అలవాటు మీ ఇద్దరికీ పడాలి.

కొలతల గేజీ కూడా చిన్న వస్తువే కానీ మొదటి రోజు నుంచీ ఉండాలి. రివెట్ కాడ మందాన్ని (వ్యాసాన్ని) ప్రమాణంగా తీసుకుంటే, కొట్టాక ఏర్పడే తల వెడల్పు దానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. 1/8 రివెట్‌కు వెడల్పు 3/16, ఎత్తు 1/16 అంగుళం. పొడవు ఎంచుకునే లెక్క కూడా ఇదే దారిలో నడుస్తుంది. కలిపే రేకుల మొత్తం మందానికి రివెట్ మందానికి ఒకటిన్నర రెట్లు కలపాలి. 0.032, 0.040 రేకులు కలిపితే 0.072, దానికి 0.1875 చేరిస్తే దాదాపు 0.26 అంగుళం. అంటే పావు అంగుళం రివెట్, డబ్బా మీద ఏఎన్ 470 ఏడీ 4-4 అని రాసి ఉండేది. చివరి అంకె పదహారింట నాలుగు వంతులు అని చదువుకోవాలి. పొడవు ఎక్కువైతే తోక పక్కకు వాలిపోతుంది, తక్కువైతే తల సరిగా ఏర్పడదు. గన్ మీద నెపం వేసే ముందు ఈ లెక్క సరిచూసుకోండి.

మీ బావమరిదికి చేతి పని తెలిసి ఉండటం మీకు దక్కిన పెద్ద అనుకూలత. గన్ ఆయన పట్టి, బార్ మీరు పట్టి, తర్వాత చేతులు మార్చుకోండి. బార్ పట్టినవారికే తల ఎంత అణిగిందో ముందు తెలుస్తుంది కాబట్టి, ఆపమనే మాట కూడా వారే చెప్పాలని ముందుగానే అనుకోండి. ఆ చప్పుడులో మాట వినిపించదు కనుక గోడను తట్టడం వంటి సైగ ఒకటి ఏర్పరచుకోండి. చెవులకు రక్షణ, కళ్లకు అద్దాలు ఇద్దరికీ ఉండాలి.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. పాప్ రివెట్లతో (ఒక వైపు నుంచే లాగి బిగించేవి) కట్టే విమానం కిట్లు కూడా ఉన్నాయని తెలిసింది. వాటికి ఒక్క పాప్ రివెట్ గన్ ఉంటే చాలు కదా, ఆ విమానాలు తక్కువ బలంగా ఉంటాయా?

జవాబు: అలాంటి విమానాలు ఎంతోకాలంగా ఎగురుతున్నాయి, వాటిని తక్కువగా చూడనక్కర లేదు. క్రిస్ హైంట్జ్ రూపొందించిన జెనిత్ విమానాలు, రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ 1973లో స్థాపించిన వ్యాన్స్ కంపెనీ తెచ్చిన ఆర్‌వీ 12 ఈ కోవలోవే. వాటి రేకుల మందం, రివెట్ల ఎడం మొదటి నుంచీ ఆ రివెట్‌ను దృష్టిలో పెట్టుకొనే లెక్కగట్టారు. బలం ఆ లెక్కలో ఉంది. కనుక పలకల దుకాణంలో, తలుపుల దుకాణంలో దొరికే పాప్ రివెట్లు కొలత సరిపోయినా వాడకూడదు. వాటి మిశ్రమం ఏమిటో, లోపల మిగిలే ఉక్కు కాడ తుప్పు పడితే ఏమవుతుందో ఎవరూ హామీ ఇవ్వరు. కిట్ కంపెనీ పంపిన రివెట్లే వాడండి. అదే విధంగా, గట్టి రివెట్లు రాసి ఉన్న చోట పనికి తేలికని మీ ఇష్టప్రకారం పాప్ రివెట్లు పెట్టడానికి కూడా వీల్లేదు, రూపకర్త ఒప్పుకుంటే తప్ప.

పనిముట్ల మాటకొస్తే, చేతి గన్‌తో మొదలుపెట్టవచ్చు కానీ వేల రివెట్లు లాగాలి కనుక, గాలితో నడిచే పుల్లర్ కొనడమే తెలివైన పని. జెనిత్ పద్ధతిలో పుల్లర్ మూతి లోపల గిన్నెలా తొలిచి ఉంటుంది. చదునైన రివెట్ తల ఆ మూతిలోకి ఒత్తుకొని గుండ్రంగా, గట్టిగా రూపుదిద్దుకుంటుంది. అందువల్ల మూతిని మార్చి మామూలుది తగిలిస్తే రివెట్ బిగిసినట్టే కనిపిస్తుంది, తల మాత్రం రూపకర్త అనుకున్న తీరులో ఏర్పడదు.

ప్రశ్న: వనపర్తి నుంచి రాస్తున్నాను, ఐటీఐలో షీట్ మెటల్ చదువుతున్నాను. తప్పుగా పడిన రివెట్‌ను తీయడానికి ప్రత్యేక పనిముట్టు కావాలా?

జవాబు: అక్కర లేదు, మంచి బిట్టు, సన్నని పంచ్ చాలు. ఏడీ రివెట్ తల మీద ఉన్న గుంట బిట్టుకు దారి చూపిస్తుంది. 1/8 రివెట్ అయితే నంబర్ 30 బిట్టుతో, తల మందం ఎంతో అంతవరకే తొలవండి, రేకులోకి దిగనివ్వవద్దు. తర్వాత ఆ రంధ్రంలోకి పంచ్ దూర్చి ఒక పక్కకు వంచితే తల ఊడి వస్తుంది. మిగిలిన కాడను, వెనుక నుంచి రేకుకు ఆసరా ఇచ్చి, పంచ్‌తో మెల్లగా బయటికి తట్టండి. ఆసరా లేకుండా తడితే రేకు వంగిపోతుంది. అయితే తల కొద్దిగా ఒక పక్కకు ఉన్నంత మాత్రాన ప్రతి రివెట్‌నూ తీసేయాలని తొందరపడవద్దు. ముందు గేజీతో కొలవండి. వెడల్పు, ఎత్తు పరిమితిలో ఉండి, తల రేకుకు పూర్తిగా ఆని ఉంటే దాన్ని అలాగే వదిలేయడం మంచిది, ఎందుకంటే తీసిన ప్రతిసారీ రంధ్రం కాస్త పెద్దదయ్యే ప్రమాదం ఉంది. రంధ్రం పెద్దదైతే ఒక సైజు పెద్ద రివెట్ పెట్టడానికి అంచు నుంచి దూరం చాలాలి. రంధ్రం మధ్య నుంచి అంచుకు కనీసం రివెట్ మందానికి రెండు రెట్లు ఉండాలి. అది చాలకపోతే ఆ భాగాన్ని కొత్తగా చేసుకోవడమే దారి.