శ్లేష గడి సగంలో ఆగిపోతే ఏం చేయాలి? గుంపులో సాయం ఎలా అడగాలి?

మీ ప్రశ్నలో రెండు బాధలున్నాయి. శ్లేషలతో నిండిన తెలుగు గడి (పదాలు నింపే క్రాస్‌వర్డ్) సగం నిండాక మొరాయిస్తోంది. వాట్సాప్ గుంపులో అడిగితే ఎవరో ఒకరు జవాబే చెప్పేసి సరదా చెడగొడుతున్నారు. రెండిటికీ మూలం ఒకటే: ఆధారాన్ని, అంటే జవాబు కోసం ఇచ్చిన సూచనను, ఎక్కడ విరవాలో తేల్చుకోకుండా నింపడం, తేల్చుకోకుండానే అడగడం.

ఆధారంలో అర్థం చెప్పే ముక్క ఒకటి, అక్షరాలు అందించే ముక్క ఒకటి ఉంటాయి. అర్థం దాదాపు ఎప్పుడూ మొదట్లోనో చివర్లోనో ఉంటుంది, నడిమధ్యలో దాక్కోదు. ‘తలకిందులైన తీగ (2)’ తీసుకోండి. బ్రాకెట్లోని అంకె జవాబులో ఎన్ని అక్షరాలో చెబుతుంది. తీగ అనేది అర్థం. కిందులైనది ఏమిటి? తలే. తల తిరగబడితే లత. ‘కడప నుంచి తిరిగొచ్చి నడుం వాల్చే చోటు (3)’ అంటే పడక. అదే గడప తిరిగితే పడగ అవుతుంది కాబట్టి చదివేటప్పుడు ఒక్క అక్షరం ఏమరినా మొత్తం మూల చెడుతుంది. ‘గందరగోళంలో సవతికి దొరికిన ఆశ్రయం (3)’లో గందరగోళం అక్షరాలకే తప్ప సవతికి కాదు. స, వ, తి కలగలిపితే వసతి. ‘అనేక వితరణల మధ్య దొరికిన కవనం (3)’లో అసలు కలపనే అక్కర్లేదు, పదాల మధ్య ఖాళీని మరిచిపోయి వరసగా చదివితే కవిత కనిపిస్తుంది.

మన గడిలో అక్షరం గుణింతంతో సహా ఒక గడి, అంటే ఒక చదరం. కలగలిపినా తిరగేసినా గుణింతం ఆ అక్షరాన్ని అంటిపెట్టుకునే కదులుతుంది. గుణింతం మీదే చెయ్యి వేయాలనుకున్న కూర్పరి (గడి తయారుచేసినవాడు) సాధారణంగా ఏదో సైగ చేస్తాడు. అందుకే గుడి, కొమ్ము, దీర్ఘం, సున్న అనే మాటలు కనబడగానే చెవులు నిక్కబొడుచుకోవాలి. ‘భీముడి ఆయుధానికి గుడి కడితే ఇంట్లో భాగమైంది (2)’ అంటే గదలో ద కాస్తా ది అయి, గది. ‘సున్న పోగొట్టుకున్న జంతువుకి సంఖ్యలో సున్న మిగిలింది (2)’ అంటే పంది, పది. ఇలాంటి ఆధారం పడిన రోజు గడి పూర్తి కాకపోయినా ఫరవాలేదనిపిస్తుంది.

ఇక ఆగిపోవడం సంగతి. గడి మొరాయించేది చాలాసార్లు తెలియని మాట వల్ల కాదు, ధీమాగా నింపేసిన తప్పు మాట వల్ల. ‘భార్య చెల్లెలి మొగుడు (4)’ అనగానే తోడల్లుడు అని రాసేస్తాం. సడ్డకుడు కూడా నాలుగే, చివరి డు రెండింటికీ ఒకటే. అడ్డంగా వచ్చిన డు సరిపోయింది కదా అని నమ్మితే మిగతా మూడు గడులూ మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి. మాటకి కనీసం రెండు అక్షరాలు అడ్డం నిలువుల్లో కలిసేదాకా పెన్సిల్‌తోనే రాయండి. చివరి గడి విషయంలో మరీ జాగ్రత్త: సాగరం మూడు గడులు, సాగరము నాలుగు. ఒక గడి ఎక్కువైందనిపిస్తే జవాబు మార్చే ముందు చివర ము వేసి చూడండి. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటల్లో కలెక్టర్, కలెక్టరు రెండూ నాలుగే. చివర ర్ రాయాలో రు రాయాలో నిలువు ఆధారం తేలేదాకా ఆ గడి ఖాళీగా ఉంచడం మేలు.

ఇప్పుడు గుంపులో అడగడం. గడి ఫోటో పెట్టి ‘ఎవరైనా చెప్పండి’ అంటే జవాబులే వస్తాయి. ఇలా రాయండి: ‘నిలువు 7. చేతికి తోక తగిలిస్తే కత్తి (4). రెండో అక్షరం ర, ఖాయం. కత్తి అర్థం అనుకుంటున్నాను. చెయ్యి అంటే హస్తం పెడితే ర కుదరడం లేదు. జవాబు వద్దు, దారి చాలు.’ దీనికి సరైన సాయం ‘కత్తి అర్థమే. చేతికి ఇంకో సంస్కృతపు మాట చూడు’ అన్నంత వరకే. కర దొరికితే తోకకి వాలం దానంతటదే వస్తుంది, కరవాలం పూర్తవుతుంది. సాయం చేసేవాళ్ళు ముందు అర్థం ఏ చివర ఉందో చెప్పాలి, చాలకపోతే తిరగేయాలా కలపాలా అన్నది, ఆ తర్వాతే ఒక అక్షరం. అదీ మొదటి అక్షరం కాకూడదు, మొదటిది తెలిస్తే నిఘంటువు తెరిచి పేజీ తిప్పడమే మిగులుతుంది. టెలిగ్రామ్‌లో జవాబును స్పాయిలర్ కింద దాచొచ్చు. వాట్సాప్‌లో అయితే ముందు చాలా వరసలు చుక్కలు పెట్టి కిందికి తోసేయండి. బహుమతి గడి అయితే గడువు తేదీ దాటేదాకా ఎవరూ నోరు విప్పకూడదు, ఇందులో మొహమాటం పనికిరాదు.

గుంపులో నలుగురూ ఒకేలాంటి వాళ్ళయితే లాభం తక్కువ. పురాణాలు తెలిసినవారు ఒకరు, పాత సినిమా పాటల మనిషి ఒకరు, తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మాటలు ఇళ్ళలో విన్నవాళ్ళు ఉంటే సొరకాయ నాలుగు గడులు కుదరనప్పుడు ఆనపకాయ ఐదు అని వెంటనే అందుతుంది.

చివరికి మిగిలిన మూలకి నిఘంటువు వాడటం తప్పేమీ కాదు. ఆంధ్రభారతి వెబ్‌సైటులో చాలా నిఘంటువులు ఒకేచోట వెతకొచ్చు. కాకపోతే ముందు మీరు ఊహించిన మాట ఉందో లేదో చూసుకోవడానికి వాడండి, మాటల కోసం గాలం వేయడానికి కాదు. అంతా అయ్యాక కూడా ఒక మాట రెండు ఆధారాలకీ అతకకపోతే కూర్పరి పొరపాటు కావచ్చు. అడ్డం ఏ అక్షరం అడుగుతోందో, నిలువు ఏది అడుగుతోందో పక్కన రాసిపెట్టి, జవాబులు వచ్చాక పోల్చుకోండి.