బోను వైపు చాచిన వేలు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. ఆఖరి బస్సు దిగి నడిచి వస్తున్న భార్యాభర్తలు, వాళ్ల పక్కనే ఆగిన మోటారు సైకిలు, మెడలోని పుస్తెలతాడు తెగిన చప్పుడు, అన్నీ కళ్లకు కట్టాయి. కోర్టులో అడుగుపెట్టాక మాత్రం కథ నీ చేయి జారింది. ఆ ఇల్లాలు ముద్దాయిల బోను వైపు వేలు చాచి "వీళ్లే" అనగానే జడ్జిగారు శిక్ష వేసేశారు. ముప్పై ఏళ్లు జిల్లా కోర్టుల వరండాల్లో విలేకరిగా తిరిగినవాడిగా చెబుతున్నాను, ఆ వేలు చాచిన క్షణం నుంచే అసలు విచారణ మొదలవుతుంది.

ముందుగా ఒక సవరణ. నీ కథలో నేరం 2019లో జరిగింది, సెక్షన్ మాత్రం కొత్త నేర చట్టమైన భారతీయ న్యాయ సంహితలోని 311 వేశావు. ఆ సంహిత 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది కనుక అంతకు ముందు జరిగిన దోపిడీకి పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ)లోని 392, 394, 397 సెక్షన్లే వర్తిస్తాయి. వీటిలో 397 దగ్గర కాసేపు ఆగు. దోపిడీ చేసేటప్పుడు మారణాయుధం వాడినవాడికి ఏడేళ్లకు తగ్గని శిక్ష వేయాలని చెప్పే సెక్షన్ అది. పొడవనక్కర లేదు, బాధితుడు చూసి భయపడేలా కత్తి చేతపట్టినా వాడినట్టేనని సుప్రీంకోర్టు 1975లో ఫూల్ కుమార్ కేసులో చెప్పింది. అయితే ఆ కనీస శిక్ష ఆయుధం పట్టినవాడికే తప్ప పక్కన నిలబడి సంచి లాక్కున్నవాడికి పడదని 2007 నాటి దిలావర్ సింగ్ తీర్పు. అందువల్ల సాక్షి "వీళ్లిద్దరే" అంటే సరిపోదు, కత్తి ఎవరి చేతిలో ఉందో, పుస్తెలతాడు ఎవరు తెంపారో విడదీసి చెప్పగలగాలి. నీ కథలో ఇద్దరు దొంగలు, ఒకటే కత్తి. అది ఎవరి చేతిలో ఉందో ఆ ఇల్లాలు చెప్పలేదు, ఆమెను ఎవరూ అడగనూ లేదు.

చాలాకాలం కిందట ఒక సెషన్స్ కోర్టులో ఇలాంటి కేసే విన్నాను. సాక్షి యాభై దాటిన రైతు మహిళ. ఇద్దరు ముద్దాయిలనూ తడుముకోకుండా చూపించింది. డిఫెన్సు న్యాయవాది లేచి, గొంతు పెంచకుండా, "కత్తి ఎలా ఉందమ్మా?" అని అడిగాడు. "జానెడుంటుంది బాబూ, పిడికి ఎర్ర వైరు చుట్టి ఉంది, వైరు కొస ఊడి వేలాడుతోంది" అంది. "పట్టుకున్నవాడికి మీసం ఉందా?" ఆమె బోను వైపు తిరిగింది. అక్కడ ఒకడికి మీసం ఉంది, ఒకడికి లేదు. "అటు చూడకండి, ఆ రాత్రి చూసిన మనిషిని తలచుకుని చెప్పండి" అన్నాడాయన. ఆమె చాలాసేపు ఊరుకుని, "కత్తినే చూశాను బాబూ" అంది. అబద్ధమాడే మనిషి ఆ మాట అనదు. మెడ దగ్గర కత్తి ఉన్నప్పుడు చూపు కత్తిని వదలదని మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి చెప్పిన సంగతిని ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది. మర్నాడు పత్రికలో నేను మాత్రం "ముద్దాయిలను గుర్తించిన బాధితురాలు" అని శీర్షిక పెట్టి, చోటు చాలలేదన్న సాకుతో ఆ జవాబు వదిలేశాను. తరువాత సంశయ లబ్ధి కింద, అంటే నేరం అనుమానానికి తావులేకుండా రుజువు కాలేదని, ఇద్దరూ విడుదలైతే ఊళ్లో జనం జడ్జిగారిని తిట్టుకున్నారు. వాళ్లు చదివింది నా వార్తే కదా.

అందుకని నీ కథను కోర్టు హాలుకు చాలా ముందునుంచి తిరగరాయి. ముక్కూమొహం తెలియని దొంగలైతే, అరెస్టు తరువాత మేజిస్ట్రేటు, సాధారణంగా జైలు ఆవరణలోనే, గుర్తింపు పరేడ్ జరుపుతారు. ముద్దాయి వయసు, ఎత్తు, వాలకం ఉన్న ఇతరులను అతనితో కలిపి వరుసలో నిలబెట్టాలని, తన చోటు అతణ్నే ఎంచుకోనివ్వాలని, చూసి వచ్చిన సాక్షి బయట వేచి ఉన్న సాక్షితో మాట్లాడకుండా చూడాలని, గుర్తించిన మనిషి ఏం చేశాడని సాక్షి చెప్పిందో అది కూడా నమోదు చేయాలని క్రిమినల్ కోర్టులు పాటించాల్సిన నియమావళి, మన క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీసు, చెబుతుంది. కథకుడికి ఇంతకన్నా ఏం కావాలి? ఆమె ఆ వరుస ముందు నడుస్తూ ఎక్కడ ఆగింది, ఎవరిని దాటిపోయి మళ్లీ వెనక్కి వచ్చింది, అది రాయి.

పరేడ్‌లో గుర్తించినంత మాత్రాన నేరం రుజువు కాదు. కోర్టులో ప్రమాణం చేసి చెప్పినదే సాక్ష్యం, పరేడ్ దానికి ఊతమని 2003లో మల్ఖాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఊతం విరిగే దారులు చాలా ఉన్నాయి. బీహారులో జరిగిన ఒక బందిపోటు దొంగతనం కేసులో, 1981 నాటి వకీల్ సింగ్ తీర్పు చూడు. పరేడ్ జరిగేసరికి మూడు నెలలు దాటాయి, పైగా దొంగలు లావా సన్నమా, నలుపా ఎరుపా అన్నది కూడా సాక్షులు మొదట చెప్పలేదు. అలాంటప్పుడు ఒకే ఒక్క సాక్షి గుర్తింపు మీద శిక్ష వేయలేమని సుప్రీంకోర్టు తేల్చింది. ఇక పరేడ్‌కు ముందే ముద్దాయి ఫొటో పేపర్లో వస్తే సాక్షి గుర్తుపట్టింది దొంగనో ఫొటోనో ఎవరు చెప్పగలరు? ఈ పాపంలో మా విలేకరుల వాటా తక్కువేమీ కాదు.

దొరికిన పుస్తెలు ఆమెవేనని రుజువు చేయడం దీనికన్నా తేలిక, సొంత పుస్తెల మీది సొట్ట ఏ ఇల్లాలూ మరచిపోదు. కానీ సొత్తు దగ్గరున్నవాడు దొంగైనా కావచ్చు, తెలిసి కొన్నవాడైనా కావచ్చు. కత్తి ఎవరు పట్టారో పుస్తెలు చెప్పవు.

చివరగా నీ మొదటి పేజీ. అక్కడ అందం కోసం "కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి" అని రాశావు. ఆ ఒక్క మాటతో ముద్దాయిలిద్దరినీ నువ్వే విడిపించావు. వీధి దీపం ఎంత దూరంలో ఉంది, మోటారు సైకిలు లైటు ఎవరి మొహం మీద పడింది, ఎంతసేపు పడింది, ముందు నువ్వు తేల్చుకో. రెండో ప్రతి పంపేటప్పుడు, ఆ రాత్రి ఆమె పోలీసు స్టేషన్లో ఇచ్చిన ఫిర్యాదును ఆమె మాటల్లోనే వేరే కాగితం మీద రాసి జతచేయి. కథలో వాడకపోయినా ఫరవాలేదు, నేను ముందు అదే చదువుతాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి